శుక్రవారం ఒంటిగంటకు రాసిన ‘మూత’

టౌన్ ప్లానింగ్‌లో కొత్తగా ఉద్యోగాలొచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, చేతిలోని ట్యాబ్ చూపిస్తారు, "మీకు డ్రోన్లు కూడా ఇవ్వలేదంట గదా మేడమ్, సర్వేలు ఎట్ల చేసినారు?" అని జాలిగా అడుగుతారు. కాళ్ళతో చేశాను నాయనలారా. కాళ్ళతో నడిచి, చేత్తో రాసి, ఒక వీధి నోట్లో మట్టి కొట్టాను. డ్రోను ఉన్నా అదే చేసేదాన్నేమో. ఆ సంగతి చెబుతాను, కూర్చోండి. గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

ఊరి పేరు చెప్పను. తిరుపతిలో బస్సెక్కి చంద్రగిరి వైపు పోయినా, వడమాలపేట వైపు పోయినా ఇలాంటి ఊళ్ళు తగులుతూనే ఉంటాయి, వాటిలో ఒకటనుకోండి. మరీ చిన్నది కాదు, పెద్దదీ కాదు. ఆ ఊరి మున్సిపాలిటీలోనే ట్రేసర్‌గా చేరాను, అంటే మ్యాపు మీద పల్చటి కాగితం పరిచి గీతలు దించే పని. సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. పుట్టి పెరిగింది కూడా అక్కడే. మా నాయన గడియార స్తంభం వెనక వీధిలో హమాలీ. దూది బేళ్ళు, రేకుల కట్టలు మోసేవాడు.

ఆ వీధి గురించి చెప్పాలి, రేకుల వీధి అంటారు. రేకు పెట్టెలు చేసేవాళ్ళు, పరుపులు కుట్టేవాళ్ళు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు, గాజులు, అత్తరు. ఎక్కువమంది ముస్లింలు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. అక్కడ నమాజుకు పోయేటప్పుడు ఎవరూ తాళం వేయరు. షట్టర్ సగానికి దించి, గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెట్టి పోతారు. కర్ర ఉందంటే అంగడి తెరిచే ఉంది, మనిషి వస్తాడు, ఆగు అని అర్థం. ఎదురుగా పూలు కట్టి అమ్మే ఆవిడ వచ్చినవాళ్ళకు సమాధానం చెబుతుంది. చిన్నప్పుడు ఒకసారి నేను ఆ కర్ర కింది నుంచి దూరబోతే మా నాయన వీపు మీద ఒకటి ఇచ్చాడు. "కర్ర ఉంటే దాటగూడదు. ఆయన లోపలుండాడనే లెక్క" అన్నాడు. అంటే ఆ కర్ర సంగతి తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

బైపాస్ రోడ్డు పడ్డాక ఊరు అటు తిరిగింది. బండ్ల షోరూములు, కల్యాణ మండపాలు, కంటి ఆసుపత్రులు, పెద్ద హోటళ్ళు, అన్నీ అక్కడే. ఊరి నడిమధ్యకు కొత్తగా ఒక్క ఇటుక వచ్చేది కాదు. ఎందుకు వస్తుంది? పది అడుగుల వెడల్పు, లోపలికి పొడుగ్గా పోయే అంగళ్ళు. ఒక్కోదానికి నలుగురు వాటాదార్లు, అందులో ఒకరు వాణియంబాడిలో, ఇంకొకరు కడపలో. బండి నిలిపే చోటు లేదు. ఎవడైనా కట్టడానికి వస్తే ఎవరితో మాట్లాడాలో కూడా తెలియదు. మేము ప్రతి ఏడూ ‘పాత బజారు అభివృద్ధి’ అని ఒక ఫైలు తీసేవాళ్ళం, దుమ్ము దులిపేవాళ్ళం, మళ్ళీ పెట్టేవాళ్ళం. అదొక పండగలాగా జరిగేది.

ఆ ఫైలును కదిలించింది మేము కాదు, రేకు పెట్టెలు చేసే ఒక పెద్దాయన. మా నాయన స్నేహితుడు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలుస్తాను. నేను హైస్కూలుకు తీసుకుపోయిన రేకు పెట్టె ఆయన చేసిందే. మద్రాసు వైపు నుంచి ఒక కట్టడాల కంపెనీ మన ఊళ్ళో లాడ్జి కట్టడానికి చోటు చూస్తోందని ఆయనకు ఎవరి ద్వారానో తెలిసింది. వెంటనే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పాపా, వాళ్ళకు ఎంత చోటు కావాలో సెప్పు. మేమిస్తాము. కింద మా అంగళ్ళు మాకే కట్టియ్యాల, పైన వాళ్ళు లాడ్జి కట్టుకోనీ, ఏమైనా కట్టుకోనీ."

"అంతమందిని ఎట్ల ఒప్పిస్తావు చిన్నాయనా? ఒక్కో అంగడికి నలుగురు సంతకాలు పెట్టాల."

"అది నా తిప్పలు. కాయితం ఎట్ల రాయాల్నో నువ్వు సెప్పు, సాలు."

నేను రాసిచ్చాను. ఏడాది పాటు ఆయన తిరిగాడు. వాణియంబాడి పోయాడు, కడప పోయాడు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ముల్ని ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. ఆయన ఆశ ఒక్కటే. పెద్ద కొడుకు పనిలేక నాయుడుపేటలో ఏదో ఫ్యాక్టరీకి పోయాడు, చిన్నవాడు పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. కొత్త కట్టడం వస్తే జనం వస్తారు, ఇద్దరూ తన పక్కనే సుత్తి పట్టుకుంటారు. "నా చేతిలో పని నాతోనే పోగూడదు పాపా" అని ఎన్నిసార్లు అన్నాడో.

చివరికి పన్నెండు అంగళ్ళ ఒప్పుకోలు కాగితాలు తెచ్చాడు. మా ఆఫీసు మొత్తం ఎన్నో ఏళ్ళుగా చేయలేని పని అది. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు గర్వం వేసింది, నేనేదో చేసినట్టు.

కంపెనీ వాళ్ళు సరే అన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఆ చుట్టుపక్కల వ్యాపారం ఎట్లా నడుస్తోందో మున్సిపాలిటీ సర్వే చేసి ఇవ్వాలి. మా కమిషనర్ కుర్రవాడు, చదువుకున్నవాడు, మంచివాడే. కాకపోతే కాళ్ళకింద నిప్పులున్నట్టు ఉండేవాడు. "మేడమ్, వారం రోజులు టైమ్. వచ్చే శనివారం పొద్దున రిపోర్టు నా టేబుల్ మీద ఉండాలి" అన్నాడు.

వారం చాలు. హాయిగా చాలు. కానీ నేనేం చేశానో తెలుసా? సోమవారం నుంచి గురువారం దాకా మెయిన్ రోడ్లు చేశాను. ఎందుకంటే వాటికి నీడ ఉంది, చెట్లున్నాయి, మంచి కాఫీ దొరుకుతుంది. రేకుల వీధిలో ఎండ దిగిపోతుంది, ఆటోలు దూరితే పక్కకు తప్పుకోవడానికి కూడా చోటుండదు. పైగా ప్రతి అంగట్లో "ఏం పాపా" అని కూర్చోబెడతారు, పని సాగదు. అందుకని మన వీధే కదా అని ఆఖరుకు పెట్టుకున్నాను. శుక్రవారం పొద్దున పది గంటలకు బయలుదేరబోతుంటే ఎవరో పెద్దమనిషి ఊరికి వస్తున్నాడని మా వాళ్ళనంతా ఫ్లెక్సీలు కట్టడానికి లాక్కుపోయారు. టౌన్ ప్లానింగ్ అంటే మన దగ్గర అదీ ఒక భాగమే. వాళ్ళు తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. మేము వీధిలోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంట.

నా పక్కన చైన్‌మన్ ఉన్నాడు. కొలత గొలుసు పట్టే మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, చర్చి వీధిలో ఉంటాడు. వీధి మొగదల్లో నిలబడి చూసి ఆగిపోయాడు.

"మేడమ్, ఈ పొద్దు శుక్రవారం. అందరూ జుమ్మా నమాజుకు పోయినారు. ఇంకో గంటకు వచ్చేస్తారు. అట్ల పోయి టీ తాగి వద్దాం రండి."

"నీకు టీ కావాల. నాకు రిపోర్టు కావాల" అన్నాను.

"అది గాదు మేడమ్, ఫారంలో తెరిచి, మూసి, రెండే గళ్ళుండాయి. ఇప్పుడు ఏమని రాసేది?"

"కంటికి కనిపించింది రాయి. తనిఖీ సమయానికి అనే ఉంది గదా ఫారంలో."

ఈ మాట అన్న నోటిని ఏం చేయాలి? ఆ ఫారం తయారుచేసినవాడికి మన ఊళ్ళలో మనుషులు నమాజుకు పోతారని, గుడికి పోతారని, అన్నం తినడానికి ఇంటికి పోతారని తెలియదు. సరే, వాడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాశాడు. నాకేం రోగం? నేను ఆ కర్రల్ని ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ నడిచాను. వెదురు కర్ర, పాత గొడుగు కర్ర, ఒక అంగడికి కొలబద్ద. ఒక్కో కర్ర దగ్గరా ‘మూత’ అని రాయించాను. పూలమ్మే ఆవిడ చూస్తూ చూస్తూ ఉండలేక కేకేసింది.

"ఏమ్మే, ఏం రాసుకుంటా పోతాండావు? యాడ మూసినారు? కర్ర కనపళ్ళేదా నీకు?"

"ఆఫీసు పనిలే అక్కా" అన్నాను.

"ఆఫీసు పనయితే కండ్లు ఇంట్లో పెట్టి రమ్మన్నారా?"

చైన్‌మన్ నవ్వాడు. నేను వాణ్ణి కసురుకున్నాను. చిన్నాయన అంగడి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా ఇనుప పట్టీ, లోపల సగం చేసిన బియ్యం డబ్బా, పక్కనే సుత్తి. అక్కడ నా నోరు ఒక్క క్షణం ఆగింది. ఆగితే ఏం లాభం, మళ్ళీ ‘మూత’ అనే అంది.

శనివారం పొద్దున రిపోర్టు కమిషనర్ బల్ల మీద ఉంది. ఆయన దాన్ని కంప్యూటర్ తెలిసిన ఒకాయనకు ఇచ్చి రంగుల బొమ్మ చేయించాడు. తెరిచినవి పచ్చగా, మూసినవి ఎర్రగా. రేకుల వీధి దాదాపు అంతా నెత్తురు పూసినట్టు ఎర్రగా వచ్చింది. కమిషనర్ సంతోషపడ్డాడు. వీధి ఎంత చచ్చిపోయి ఉంటే దాన్ని బతికించడానికి నిధులు అంత సులభంగా వస్తాయని ఆయన లెక్క. ఆ కాగితాన్ని చదివేవాడు డబ్బు పెట్టడానికి వచ్చేవాడని, వాడికి చచ్చిన వీధి అక్కర్లేదని ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా నోరు మూసుకున్నాను. రిటైర్మెంట్‌కు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి, తప్పు సర్వే ఇచ్చానని నా చేతులతో నేనే రాసిస్తే మెమో వస్తుంది, పెన్షన్ కాగితాలు ఆగుతాయి. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

చూశారు.

మీటింగ్ హాల్లో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. కంపెనీ మేనేజర్ అరవ యాస తెలుగులో మర్యాదగానే మాట్లాడాడు. చిన్నాయన తెల్లబట్టలు వేసుకుని, వీధి నుంచి ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒప్పుకోలు కాగితాలు పెట్టడానికి తన చేత్తోనే ఒక రేకు పెట్టె చేసుకొచ్చాడు. చిన్నది, ఇత్తడి కొక్కెం, మూత మీద పువ్వు. కంపెనీ వాళ్ళకే ఇచ్చేద్దామని తెచ్చాడట. దాన్ని బల్ల మీద పెట్టి తుడిచాడు.

మేనేజర్ రిపోర్టు తెరిచాడు. "సార్, ఈ వీధిలో సగానికి పైన షాపులు క్లోజ్‌లో ఉంటాయే? మధ్యాహ్నం, వర్కింగ్ డేలో? వ్యాపారమే లేని చోట మేము బిల్డింగ్ కట్టి ఏం చేస్తాం?"

"మూసినారా? యా అంగడి?" అన్నాడు చిన్నాయన.

మేనేజర్ డోర్ నంబర్లు చదివాడు. ఆరో నంబరు చిన్నాయనదే.

"అయ్యా, అది నా అంగడి. నేను అంగడి మూసింది మా నాయన పోయినప్పుడు మూడు రోజులు. అంతే." తర్వాత కాస్త ఆలోచించాడు. ఆయన బుర్ర చురుకైంది. "ఎప్పుడొచ్చి సూసినారు? శుక్రవారం వచ్చింటారు. జుమ్మాకు పోయింటాము. కర్ర పెట్టింటాము గదా?"

"కర్ర అంటే?" అన్నాడు మేనేజర్.

ఒక కౌన్సిలర్ నవ్వాడు. కమిషనర్ వాచీ చూసుకున్నాడు. చిన్నాయన నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో అనుమానం లేదు, కోపం లేదు. దిక్కు దొరికినట్టు వెలిగింది.

"అదిగో, ఆ యమ్మను అడగండి సార్. ఆ బిడ్డ మా వీధిలోనే పెరిగింది. కర్ర అంటే ఏందో ఆమెకు తెలుసు. సెప్పు పాపా."

అందరూ నన్ను చూశారు. కమిషనర్ అడిగాడు. "మేడమ్, ఈ సర్వే మీరే చేశారు కదా? ఏమైనా తేడా ఉందా?"

ఒక్క మాట. ‘అవును సార్, నమాజు వేళకు వెళ్ళాం, మళ్ళీ చేసి ఇస్తాం’ అంటే అయిపోయేది. ఒక్క పూట పని. నేనేమన్నానో వినండి. అక్షరం మార్చకుండా చెబుతున్నాను.

"తనిఖీ సమయానికి మూసే ఉన్నాయి సార్. నేను రికార్డు ప్రకారమే చెప్పగలను."

చిన్నాయన నన్ను కాసేపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది, ఆ పెట్టె తీసి నా మొహాన కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. పెట్టె మూత వేశాడు, కొక్కెం తగిలించాడు, చంకలో పెట్టుకుని వెంట వచ్చినవాళ్ళతో ఉర్దూలో ఏదో మెల్లగా చెప్పి బయటికి నడిచాడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం కిటికీలోంచి కనిపించింది. లోపల మేము టీ తాగి, బైపాస్ మీద ఖాళీ స్థలాల గురించి మాట్లాడుకున్నాం.

చైన్‌మన్ ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "టీ తాగి వచ్చింటే పోయేది మేడమ్" అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. వాడికి ప్రమోషన్ రావాల్సి ఉంది, సంతకం నాది, అయినా మాట్లాడలేదు. మా సెక్షన్లో మనిషంటూ ఉంటే వాడొక్కడే.

లాడ్జి బైపాస్ మీద లేచింది. అద్దాలు, లిఫ్టు, ముందర కార్లకు మైదానమంత చోటు. కమిషనర్ బదిలీ అయిపోయాడు. రేకుల వీధి అట్లాగే ఉంది. చిన్నాయన చిన్న కొడుకు కూడా నాయుడుపేటకే పోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కంపెనీకి మా ఆఫీసు ఆ ఎర్ర బొమ్మనే తీసి చూపించింది. కొత్త సర్వే ఎందుకు, ఒకటి ఉందిగా! చూసినవాడు చూసినట్టే బైపాస్‌కు పోయాడు. ఊరి మధ్యకు ఎవరూ రావడం లేదని మీటింగుల్లో తలలు పట్టుకుంటారే, వాళ్ళను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రాకుండా తరిమిందెవరు? నా సంతకం ఉంది కింద, పోయి చూసుకోండి.

నాకు రిటైర్మెంట్ రోజున శాలువా కప్పారు. వక్తల్లో ఒకాయన, "మేడమ్ రికార్డు అంటే రికార్డే, ఒక్క అక్షరం అటూ ఇటూ పోదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ దండం పెట్టాను. సిగ్గు లేకపోతే సరి.

పెన్షన్ చేతికొచ్చాక నాకు ధైర్యం వచ్చింది. చూడండి ఎంత గొప్ప ధైర్యమో! ఆ సర్వే శుక్రవారం నమాజు వేళ చేసినది, ఆ వీధి వరకు చెల్లదు, తప్పు నాది అని ఒక అర్జీ రాసి ఆఫీసుకు తీసుకుపోయాను. నేను పని నేర్పిన పిల్లే ఇప్పుడు ఆ సీట్లో ఉంది. చదివి నవ్వింది.

"ఇది ఎప్పుడో క్లోజ్ అయిన సబ్జెక్ట్ మేడమ్. ఇప్పుడు ఎందుకు మీకు ఈ టెన్షన్? ఇంట్లో రెస్ట్ తీసుకోండి."

"తీసుకుని ముద్ర వెయ్యి. తీసుకోనంటే తీసుకోనని రాసివ్వు" అని గట్టిగా అరిచాను. ముద్ర వేసింది. వేశాక ఆ కాగితం ఏ కట్టలో పోయిందో దేవుడికే తెలియాలి.

ముద్ర వేసిన నకలు పట్టుకుని ఎర్రటి ఎండలో నేరుగా రేకుల వీధికి పోయాను. ఆ రోజు శుక్రవారమని దారిలో గుర్తొచ్చింది. ఒంటిగంట దాటింది, ఇప్పుడు కర్ర ఉంటుంది, వచ్చేదాకా గుమ్మం ముందు నిలబడదాం, నిలబడటమైనా నేర్చుకుందాం అనుకున్నాను. వీధిలో కాలు పెట్టాను. సగం అంగళ్ళకు కర్రలు లేవు. షట్టర్లు పైదాకా ఎత్తి ఉన్నాయి. ఆరో నంబరులోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

చిన్నాయన గరాటుకు అంచు మడుస్తున్నాడు. నన్ను చూసి, "రా పాపా, కూర్సో" అన్నాడు. ఎప్పటిలాగే అన్నాడు.

"నమాజుకు పోలేదా చిన్నాయనా?"

"ఈ వారం అంగట్లో ఉండే వంతు నాది."

"వంతేంది?"

"వీధిలో వంతులేసుకున్నాము. సగం మంది ఈ మసీదులో ముందు జరిగే నమాజుకు పోతారు. వాళ్ళు వచ్చినాక మిగతావాళ్ళు స్టేషన్ అవతల మసీదుకు పోతారు, ఆడ ఆలస్యంగా ఉంటాది. ఎవరన్నా వచ్చి రాసుకోని పోతే మళ్ళా మూసినామంటారు గదా. అందుకని అందరమూ ఒకేసారి షట్టర్ దించేది మానేసినాము."

"అయితే నువ్వు రెండోదానికి పోతావా?"

"యాడ పోయేది? ఈ మోకాళ్ళతో స్టేషన్ దాకా నడిచేది అయ్యే పనా? నా వంతు వచ్చిన వారం ఈడనే నమాజు సదువుకుంటా. జుమ్మా పోతాది, ఏం జేసేది."

ఎత్తిపొడుపు కాదు. పొద్దున నీళ్ళు రాలేదు అన్నట్టు చెప్పాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, ఊహ తెలిసినప్పటి నుంచి జుమ్మా తప్పనివాడు, వారం తప్పి వారం వదులుకుంటున్నాడు, నేను రాయించిన ఒక్క మాట కోసం. నా చేతిలో నకలు చెమటకు తడిసింది. దాన్ని ఆయనకు ఇవ్వబుద్ధి కాలేదు.

"లెయ్ చిన్నాయనా, పో. దగ్గరి మసీదే గదా, ఇప్పుడు పోయినా అందుకుంటావు. నేను కూర్చుంటా అంగట్లో."

"ఎవరన్నా వచ్చి అడిగితే?"

"తెరిచే ఉందని చెబుతా."

సుత్తి ఆపి నన్ను చూశాడు.

"ఆ మాట ఆ పొద్దు సెప్పింటే సాలు గదా పాపా" అన్నాడు. మళ్ళీ గరాటు చేతిలోకి తీసుకుని అంచు కొట్టుకుంటూ కూర్చున్నాడు.